విగ్గు మాస్టారికి రిలీజ్ ఇప్పించిన బావగారు

ఇఖామా అనే మా కువైట్ పర్మిట్టు పని మీద మొన్న ఓ ఆఫీసుకి ఫోన్ చేశానండి. చెయ్యడం నాదే తప్పు. మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని అరబీలో ఓసారి, ఇంగ్లీషులో ఓసారి చెప్పి, అంత ముఖ్యమైన నన్ను తీసుకెళ్ళి ఓ పాటలో పడేసి వెళ్ళిపోయారు. జాబ్రియాలో జమియా సూపర్ మార్కెట్ ముందు కారు ఆపి, ఏసీ వేసి, ఫోను స్పీకర్లో పెట్టి కూర్చున్నా. నిమిషం విన్నానో లేదో ఒళ్ళు ఝల్లుమంది. ఇది మన విగ్గు మాస్టారి పాట కదూ!

ఎప్పుడో మూడొందల ఏళ్ళ కిందట ఆ మహానుభావుడు జర్మనీలో, చర్చీ చలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే కొవ్వొత్తి పెట్టుకుని రాసిన సంగీతం అది. చివరికి కువైట్లో ఓ అమలాపురం డ్రైవర్ని ఫోన్లో కూర్చోబెట్టడానికి పనికొచ్చింది. బతికుంటే ఎంత మురిసిపోయేవాడో పాపం. ఇరవై నిమిషాలు నన్నూ మురిపించి, లైను కట్ చేశారు.

ఆ పాట నాకు పరిచయం చేసినవాడు బావగారు. పోయిన నెలే పోయాడు. మా వైపువాళ్ళ వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి. ఉన్నన్నాళ్ళూ ఆయనకో టీ కూడా పోయించని పెద్దమనుషులు "తీరని లోటు" అని రాశారు. ఎక్కడ లోటండీ అంటే చెప్పలేరు. నేను చెబుతా. మాకు వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, అంటే మా కఫీల్ ముసలాయన హాల్లో, టీవీకి ఎదురుగా, పడక్కుర్చీ పక్కన ఓ ఎర్ర ప్లాస్టిక్ స్టూలుంది. అక్కడ.

బావగారంటే సొంత బావ కాదు. ఆయనది మా ఊరికి గోదావరి పాయ అవతల. ఇక్కడ ఒకే వైపు నుంచి వచ్చామంటే చాలు, చుట్టరికం దానంతటదే తగులుకుంటుంది. ఆయన నన్ను బామ్మర్దీ అన్నాడు, నేను ఆయన్ని బావగారూ అన్నా. ఇంక వేళాకోళానికి లైసెన్సు దొరికినట్టే. ఆ ఇంట్లో నేను కారు తోలేవాణ్ణి, ఆయన ముసలాయన్ని చూసుకునేవాడు. స్నానం, గడ్డం, మందులు, చక్రాల కుర్చీ, అన్నీ ఆయనే.

వాళ్ళింట్లో తరతరాలుగా క్షవరం కత్తి, సన్నాయి రెండూ ఉన్నాయి. అందుకని బావగారు మనుషుల్ని మొహాల్తో గుర్తుపెట్టుకునేవాడు కాదు, తలకాయల్తో గుర్తుపెట్టుకునేవాడు. "ఇందాక ఆ రెండు సుళ్ళాయన వచ్చి వెళ్ళాడు బామ్మర్దీ" అనేవాడు. నేను ఎవరని వెతుక్కోవాలి? కువైట్లో గుత్రా కప్పుకున్నాయన నెత్తి మీద సుళ్ళు నాకెలా కనపడతాయి? అదడిగితే, "నీకు సుడి ఎడమపక్కకుంది. అందుకే నీ మాటెప్పుడూ వంకర" అని నా మీదకే తోసేవాడు.

చేతులు ఊరుకునేవి కావు. చీపురు కర్ర పట్టుకున్నా, చక్రాల కుర్చీ పట్టుకున్నా, వేళ్ళు సన్నాయి కన్నాల మీద ఆడినట్టు ఆడుతూనే ఉండేవి. రేడియోలో ఏ పాట వచ్చినా ఒకటే ప్రశ్న: "ఊపిరెక్కడ తీశాడ్రా?" పాట బావుందా, గొంతు బావుందా అనే గొడవ లేదు. నాకు పాట వింటే పాట వినపడేది. ఆయన పక్కన కూర్చుని వింటే పాడేవాడి ఆయాసం వినపడేది. నా సరదా అంతా చెడగొట్టాడు.

మూడోది పన్ను. ముందు పళ్ళలో రెండు అప్పటికే పోయాయి. పక్కనున్న పన్ను ఊగుతోంది. పొద్దున్నే అద్దం ముందు నుంచుని దాన్ని నాలుకతో ఓసారి తోసి చూసుకునేవాడు. చూసుకుని, "ఇంకా ఉంది" అని ప్రకటించేవాడు. రోజూ! మేమేదో ఆ వార్త కోసం కాచుక్కూర్చున్నట్టు.

"ఓ పన్ను కోసం ఇంత హడావుడేంటి బావగారూ? ఊడితే కట్టుడు పన్ను పెట్టించుకోండి" అన్నానోసారి.

"కట్టుడు పన్నుతో అన్నం తినొచ్చురా. సన్నాయి పీక పట్టు దొరకదు" అన్నాడు. ఆయన నవ్వకుండా మాట్లాడ్డం అదే మొదటిసారి చూశా. "మా మేళంలో రెండు సన్నాయిలు. నేనూ తమ్ముడూ. వాడు ఊపిరి తీసుకునేటప్పుడు నేను పట్టుకుంటా, నేను తీసుకునేటప్పుడు వాడు పట్టుకుంటాడు. వినేవాడికి ఎక్కడా తెగదు. ఇప్పుడు వాడొక్కడే ఊదుతున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పాట తెగిపోతోంది. ఈ పన్నుండగా వెళ్ళిపోవాలి బామ్మర్దీ."

రెండేళ్ళని వచ్చాడాయన. అందరం రెండేళ్ళనే వస్తాం లెండి. 

వెళ్ళడానికి అడ్డం ఎవరు? ముసలాయన. ఆయన చెడ్డవాడైతే ఎంత బావుండేది! హాయిగా తిట్టుకుంటూ బతికేవాళ్ళం. ఆ సుఖం కూడా లేకుండా ఆయన బంగారంలాంటి మనిషి. షుగరొచ్చి రెండు కళ్ళూ పోయాయి. భార్య పోయింది. ఇంట్లో కూతురు ఉంది, ఆవిణ్ణి మేం మామా అంటాం. ఎవరున్నా ఏం లాభం? గడ్డం మీద బావగారి కత్తి తప్ప ఇంకోళ్ళ చెయ్యి పడనిచ్చేవాడు కాదు. బావగారు వెళ్ళి "బాబా, ఇఖామా కాన్సిల్ చేయించండి, ఇంటికెళ్ళిపోతా" అంటే, ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని "రంజాన్ అయ్యాక" అనేవాడు. రంజాన్ అయ్యాక "హజ్ అయ్యాక". హజ్ అయ్యాక "ఈ ఎండలు తగ్గాక". కువైట్లో ఎండలు తగ్గాక! ఎంత బాగా గడ్డం గీస్తే అంత గట్టిగా ఇరుక్కుంటున్నాడు బావగారు. ఓసారి కొంచెం గాటు పెట్టి చూడండి బావగారూ అన్నా. చెవులు మూసుకున్నాడు, బూతు విన్నట్టు.

సన్నాయి ఆయన పెట్టెలోనే ఉండేది. ఇంట్లో ఊదితే మామా ఊరుకోదు. చలికాలంలో ముసలాయన్ని వఫ్రాలో వాళ్ళ తోటకి తీసుకెళ్ళినప్పుడు, టమాటాలు పెంచే ప్లాస్టిక్ షెడ్డులో దూరి ఊదుకునేవాడు. ఏడాదికి నాలుగైదు కచేరీలు. శ్రోతలు టమాటాలు, నేను. టమాటాలే నయం, మధ్యలో ఆవలించేవి కావు.

ఇంక సినిమాకొస్తా. ముసలాయనకి పడమటి సంగీతం పిచ్చి. చదువుకునే రోజుల్లో ఆ దేశాలు తిరిగాడట. విగ్గు మాస్టారి జీవితం మీద తీసిన సినిమా ఒకటి ఇంట్లో డిస్కుండేది. ప్రతి గురువారం సాయంత్రం అసర్ నమాజయ్యాక అది పెట్టించుకునేవాడు. మాటలు వాళ్ళ భాషలో, కింద అరబీ అక్షరాలు. ముసలాయనకి ఆ భాష రాదు, అక్షరాలు కనపడవు. బావగారికి ఆ భాషా రాదు, అరబీ చదవడమూ రాదు, కళ్ళు మాత్రం ఉన్నాయి. అందుకని తెర మీద ఏం జరుగుతోందో చెప్పే ఉద్యోగం ఆయనకిచ్చారు, తన వంటింటి అరబీలో. ఇంతకన్నా అర్హతలున్న మనిషి కువైట్ మొత్తం మీద దొరకడు.

మొదటిసారి తెర మీద మాస్టారు కనపడగానే బావగారు చెప్పిన మొదటి మాట: "బాబా, విగ్గు. లోపల గుండు." సంగీతం సంగతి తర్వాత, ముందు నెత్తి సంగతి తేలాలి కదా. ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు పేరు డిస్కు మీద ఉంది గానీ, మా ఇద్దరికీ నోరు తిరగలేదు.

మాస్టారు ఆర్గన్ వాయిస్తుంటే బావగారు స్టూలు మీద ముందుకి వంగి కూర్చునేవాడు. ఆ వాయిద్యం మేడంత ఉంది. పాట తెగదు, ఆగదు. "ఊపిరెక్కడ తీస్తున్నాడ్రా ఈయన?" అని తెలుగులో నన్నడిగాడు. ఇంతలో కెమెరా వెనక్కెళ్ళింది. గోడ వెనకాల నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ పెద్దపెద్ద తోలుతిత్తులు తొక్కుతున్నారు. బావగారు లేచి నుంచున్నాడు. "అదీ సంగతి! ఊపిరి వాళ్ళది, పేరు ఈయనదీ!"

"షినూ? ఏమైంది?" అన్నాడు ముసలాయన కంగారుగా.

"బాబా, వెనకాల నలుగురు హిందీలున్నారు. వాళ్ళు గాలి కొడుతున్నారు."

ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. జర్మనీలో, మూడొందల ఏళ్ళ కిందట, హిందీలు, అంటే ఇండియావాళ్ళు! ఎక్కడ పని జరుగుతుంటే అక్కడ మనవాళ్ళుంటారని ఆయన ధీమా.

తర్వాత ఆ సీనొచ్చింది. మాస్టారు ఓ జమీందారు దగ్గర ఆస్థానంలో పనిచేస్తున్నాడు. ఇంకో ఊళ్ళో ఇంకో దొర రమ్మన్నాడు. వెళ్ళడానికి అనుమతి కావాలి. మాస్టారు వంగి దండం పెట్టి కాగితం ఇచ్చాడు. జమీందారు చదివి నేలకేసి కొట్టాడు. ఇద్దరు భటులొచ్చి మాస్టారి రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళ్ళి చీకటి కొట్లో పడేశారు. కాళ్ళకి గొలుసులు. ఇది అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదండీ, కువైట్లో ఆర్నెల్లుంటే చాలు. మాస్టారిది వేరే యజమాని దగ్గరికి మారే రిలీజ్, బావగారిది ఇంటికెళ్ళే కాన్సిల్. రెండింటికీ కఫీల్ సంతకమే కావాలి.

బావగారి వేళ్ళు ఆగిపోయాయి.

"షినూ?" అన్నాడు ముసలాయన.

బావగారు గొంతు సవరించుకున్నాడు. "బాబా, ఈయన కఫీల్‌కి కాగితమిచ్చాడు. రిలీజ్ అడిగాడు. కఫీల్ చదివాడు. కఫీల్ మంచోడు. సంతకం పెట్టాడు. ఖలాస్."

నేను టీ ట్రేతో గుమ్మంలో ఉన్నా. ట్రే అక్కడే నేల మీద పెట్టేసి వింటున్నా.

"ఆ ధడేల్‌మన్న చప్పుడేంటి?"

"గేటు బాబా. పెద్ద గేటు తీశారు, ఈయన వెళ్ళడానికి."

"మరి ఆ గలగల?"

"బంగారు గొలుసు. కఫీల్ మెళ్ళో వేశాడు. సన్మానం."

కొట్లో మాస్టారు ఒక్కడే కూర్చుని, కొవ్వొత్తి వెలుగులో ఏదో రాసుకుంటున్నాడు. వెనకాల వయొలిన్లు జాలిగా మోగుతున్నాయి. "ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగితే బావగారు తెర వంక చూస్తూ, "ఇంటికెళ్ళాడు బాబా. తమ్ముడితో కూర్చుని పాట కట్టుకుంటున్నాడు" అన్నాడు.

వంటింట్లోకి రాగానే పట్టుకున్నా. "ఏంటి బావగారూ, కళ్ళు లేని మనిషి దగ్గర ఇన్ని అబద్ధాలా?"

"అబద్ధమని నీకెలా తెలుసు? నీకు అరబీ చదవడం వచ్చా?"

"రాదు. ఊచలు కనపడుతున్నాయి కదా!"

"మన వంటింటి కిటికీకీ ఉన్నాయి ఊచలు. ఇదేమైనా జైలా?" అన్నాడు.

అక్కణ్ణుంచి ప్రతి గురువారం ఆ జమీందారు మంచితనం పెరిగిపోయింది. రెండో వారానికి శాలువా కప్పాడు. మూడో వారానికి గుర్రబ్బండి దాకా వచ్చి సాగనంపాడు. ఓ నెలయ్యేసరికి కంటతడి పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నుంచుని పళ్ళు నూరుకునేవాణ్ణి. ఎంత స్వార్థం! ముసలాయన బుర్రలో ఓ విత్తనం వేసి, వారం వారం నీళ్ళు పోస్తున్నాడన్నమాట. మనిషన్నవాడు ఇంత నెమ్మదిగా కూడా మోసం చెయ్యొచ్చా అనుకునేవాణ్ణి.

సినిమా చివర్లో మాస్టారికి చూపు పోతుంది. ఓ వైద్యుడొచ్చి, కుర్చీకి కట్టేసి, కంట్లో సూది దించుతాడు. కెవ్వుమని అరుస్తాడు మాస్టారు. మొదటిసారి ఆ అరుపుకి ముసలాయన ఉలిక్కిపడి, "ఎందుకరుస్తున్నాడు?" అన్నాడు. బావగారు తెర వంక చూశాడు, ముసలాయన తెల్లటి కళ్ళ వంక చూశాడు.

"పన్ను పీకుతున్నారు బాబా."

"ఒక్క పన్నుకే అంత అరుపా?"

"ముందు పన్ను బాబా."

నాకు నవ్వాగలేదు. వెనక్కెళ్ళి నవ్వుకున్నా. నవ్వుకున్నానే గానీ, అక్కడ ఆ మాట ఎందుకన్నాడని ఆలోచించలేదు. తన పన్ను గొడవ తప్ప ఈయనకి ఇంకో లోకం లేదనుకున్నా. నేనంత తెలివైనవాణ్ణి.

అలా దాదాపు ఏడాది గడిచింది. ఓ ఆదివారం ముసలాయన బట్టలేసుకుని, బావగార్ని ఇంట్లోనే ఉండమని, నన్నొక్కణ్ణీ కారు తీయమన్నాడు. చేతిలో బావగారి పాస్‌పోర్టు. సరే, దొంగాట బయటపడింది, యల్లా, ఇంక కానీ అనుకున్నా. నిజం చెప్పొద్దూ, లోపల కొంచెం సరదాగా కూడా ఉంది.

"ఇఖామా ఆఫీసుకి పద" అన్నాడు. కొంతదూరం పోయాక, "ఆ సినిమా నా భార్య కొంది. ఇద్దరం చాలాసార్లు చూశాం. అప్పుడు కళ్ళున్నాయి, కింద అక్షరాలన్నీ చదివాను. ఆ దొర అతన్ని జైల్లో పెట్టాడు" అన్నాడు.

సొంతింట్లో ఉన్న సినిమాని ఆ ఇంటాయన ఎప్పుడో చూసే ఉంటాడన్న ముక్క మా ఇద్దరి బుర్రలకీ ఏడాదిపాటు తట్టలేదండీ! 

"మరి బాబా, ఇన్నాళ్ళూ..."

"మీవాడు చెప్పేదే బావుంది." ఆయన కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, చూస్తున్నట్టే. "చివర్లో అతనికి కళ్ళు పోతాయి. ప్రతి గురువారం అక్కడికొచ్చేసరికి బిగపట్టుకుని కూర్చుంటాను, ఈసారి చెప్పేస్తాడేమోనని. ప్రతిసారీ పన్నే పీకించాడు." నవ్వాడు, గుత్రా అంచుతో కళ్ళొత్తుకున్నాడు. "జైలు సంగతి తన కోసం మార్చుకున్నాడు. సరే. కళ్ళ సంగతి ఎవరి కోసం మార్చాడు?"

నాకు సిగ్గేసింది. ఇంకేం చెప్పను? ఏడాది పొడుగునా గుమ్మంలో నుంచుని పళ్ళు నూరినవాణ్ణి నేను. ఆఫీసులో సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలు పట్టుకుని చూపించినవాణ్ణీ నేనే.

బావగారు వెళ్ళేరోజు ముసలాయనకి చివరిసారి గడ్డం గీశాడు. ఎప్పుడూ పావుగంటలో అయ్యే పని, ఆ రోజు గంట పట్టింది. సన్నాయిని ముసలాయన పాత గుత్రాలో చుట్టుకుని తీసుకెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో నాకు టాటా చెప్పే బదులు నాలుకతో పన్ను తోసి చూపించి, "ఇంకా ఉంది బామ్మర్దీ" అన్నాడు. జనం మధ్యలో, పరువు తీస్తూ.

రెండు నెలలకి వీడియో వచ్చింది. ఏదో పెళ్ళి ఊరేగింపు. ట్యూబులైట్లు, జనరేటరు మోత, మధ్యలో అన్నాతమ్ముళ్ళిద్దరూ. నేను చెవి పెట్టి విన్నా. ఊపిరెక్కడ తీశారో కనిపెడదామని మూడుసార్లు విన్నా. దొరకలేదు. మధ్యలో ఓ చోట, బ్యాండువాళ్ళు ఆగినప్పుడు, విగ్గు మాస్టారి ఆర్గన్ పాట ముక్క ఒకటి దొర్లించాడు మహానుభావుడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అదేదో కొత్త సినిమా పాటనుకుని చిందులేశారు. ముసలాయనకి వినిపించా. ఫోను చెవికి ఆనించుకుని, అది అయిపోయాక కూడా తియ్యలేదు.

ఆయన స్టూలు మీద నేను కూర్చున్నా. నేను నిజాయితీపరుణ్ణి కదా, మొదటి గురువారమే "జైలు బాబా, ఊచలు, గొలుసులు" అని ఉన్నదున్నట్టు చెప్పా. ముసలాయన మొహం ముడుచుకున్నాడు. "నీకు సినిమా చెప్పడం రాదు. టీ పట్రా" అన్నాడు. అప్పట్నుంచీ ఆయన వింటున్నాడు, నేను ఊరికే కూర్చుంటున్నా.

పోయిన నెల ఆ కబురొచ్చింది. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట, ముందురోజు కూడా మేళానికెళ్ళాడట. నేను మామాకి చెప్పా. ఆవిడ హాలు తలుపు దగ్గరగా వేసి, "బాబాకి మాత్రం చెప్పొద్దు. ఆయన గుండె తట్టుకోదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. ఏదో ఒకటి చెప్పడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

గురువారం డిస్కు పెట్టా. స్టూలు మీద కూర్చున్నా. ఓ మాట మాట్లాడానో లేదో, ముసలాయన ఇటు తిరిగాడు.

"షినూ? నీ గొంతేంటలా ఉంది? మీవాడి దగ్గర్నుంచి ఏమైనా కబురా?"

రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నవన్నీ ఎగిరిపోయాయి. నోట్లోంచి వచ్చింది ఒకటే.

"పన్ను పీకారంట బాబా."

తెర మీద ఆర్గన్ మోగుతోంది. ముసలాయన పడక్కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

"ముందు పన్నా?"

"ముందు పన్నే బాబా."

గాల్లో తడుముకుంటూ నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఆ కఫీల్ సీను పెట్టు" అన్నాడు. పెట్టా. మాస్టారు వంగాడు, కాగితమిచ్చాడు, భటులొచ్చారు. ధడేల్‌మని తలుపు మూసుకుంది.

"చెప్పు" అన్నాడు ముసలాయన.

"గేటు తీశారు బాబా" అన్నా. "వాళ్ళ తమ్ముడు ఎదురొస్తున్నాడు."